పంపకం తేలకముందే పెత్తనం: నదీ బోర్డుల చట్టాలపై ఒక సమీక్ష

కృష్ణా నదీ యాజమాన్య బోర్డు చేతికి ప్రాజెక్టులు అప్పగించాలా, వద్దా? 2014లో రాష్ట్రం రెండుగా విడిపోయినప్పటి నుంచి నానుతున్న ఈ ప్రశ్న ఎంత చిక్కుపడిందంటే, అసలు తగువు దేని మీదో మరుగున పడిపోయింది. ఒకరికి అది రాష్ట్ర హక్కుల సంగతి, ఇంకొకరికి కేంద్రం చేతగానితనం, మరికొందరికి ఎన్నికల అస్త్రం. ప్రాజెక్టుల్ని బోర్డుకు ధారాదత్తం చేసింది మీరంటే మీరని తెలంగాణలో అధికార, ప్రతిపక్షాలు దుమ్మెత్తి పోసుకున్నాయి. తెలంగాణ అప్పగిస్తేనే మేమూ అప్పగిస్తామని ఆంధ్రప్రదేశ్ షరతు పెట్టింది. ఈ సందడిలో వెనక్కి వెళ్లిన ప్రశ్న ఒకటుంది. ఒకే నది మీద పనిచేసే నీటిపారుదల శాఖల్ని, జెన్‌కోల్ని, కేంద్ర జల సంఘాన్ని ఒక తాటిమీదికి తెచ్చే చట్టం మన దేశంలో ఏడు దశాబ్దాలుగా ఎందుకు కుదురుకోలేదు? బోర్డులకు అధికారాలు చాలలేదని ఒక పక్షం, ఎక్కువయ్యాయని ఇంకో పక్షం అంటున్నాయి. చరిత్రను వరసగా చూస్తే రెండూ సగం మాటలే అనిపిస్తుంది. వాటాలు, ఆ వాటాల ప్రకారం నీళ్లు వదిలే నిబంధనలు, వదిలినదాన్ని కొలిచే ఏర్పాటు ముందే తేలిన చోట బోర్డులు ఒడుదొడుకులతోనైనా నడిచాయి. తేలని చోట గెజిట్ల మీద గెజిట్లు ఇచ్చినా కాగితాల మీదే ఉండిపోయాయి.

1956లో పుట్టిన రెండు చట్టాలు

చిక్కుకు మూలం రాజ్యాంగంలోనే ఉంది. నీళ్లు రాష్ట్ర జాబితాలో 17వ అంశం. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ, అభివృద్ధి కేంద్ర జాబితాలో 56వ అంశం. అదైనా పార్లమెంటు చట్టం చేసి ఎంతమేరకు అవసరమని ప్రకటిస్తే అంతమేరకే. తగాదాల కోసం 262వ అధికరణం వేరే ఉంది. ఈ పునాది మీద పార్లమెంటు 1956లో రెండు చట్టాలు చేసింది. నదీ బోర్డుల చట్టం తగువు రాకముందే కలిసి ప్రణాళిక వేసుకోవడానికి. అంతర్రాష్ట్ర జలవివాదాల చట్టం తగువు వచ్చాక తీర్పు చెప్పడానికి. రెండోదాని కింద కృష్ణా, గోదావరి, నర్మద, కావేరి ట్రిబ్యునళ్లు వచ్చాయి. మొదటిదాని కింద ఇంతవరకు ఒక్క బోర్డూ ఏర్పడలేదు.

కారణం వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు. ఆ చట్టం ప్రకారం రాష్ట్రం అడిగితేనే కేంద్రం బోర్డు పెట్టగలదు; పెట్టిన బోర్డు సలహా మాత్రమే చెప్పగలదు. ఎగువ రాష్ట్రానికి సలహా వినాల్సిన అగత్యం లేదు, దిగువ రాష్ట్రానికి సలహాతో పొలం తడవదు. కాబట్టి ఎవరూ అడగలేదు. అవసరం పడ్డప్పుడల్లా కేంద్రం ఆ చట్టాన్ని పక్కనపెట్టి ఏ నదికి ఆ నదికి విడిగా చట్టం చేసుకుంది: 1976లో బేత్వాకు, 1980లో బ్రహ్మపుత్రకు. 2018లో పదమూడు నదీ పరీవాహక ప్రాంతాలకు ముఖ్యమంత్రులతో పాలకమండలి, దాని కింద కార్యనిర్వాహక బోర్డు ఉండేలా ఒక ముసాయిదా బిల్లు తయారైంది. అది ముసాయిదాగానే మిగిలింది. విడివిడి ట్రిబ్యునళ్ల స్థానంలో ఒకే శాశ్వత ట్రిబ్యునల్ పెట్టే సవరణ బిల్లు 2019 జులైలో లోక్‌సభ గడప దాటింది గానీ చట్టం కాలేదు.

బచావత్ పక్కనపెట్టిన పథకం

ఈ చర్చలో తెలుగు పాఠకులు మరిచిపోయిన అధ్యాయం ఒకటుంది. 1969లో ఏర్పడి 1973లో తీర్పు, 1976లో తుది నివేదిక ఇచ్చిన బచావత్ ట్రిబ్యునల్ అనగానే మనకు గుర్తొచ్చేది 811 టీఎంసీల అంకె. నూటికి 75 ఏళ్లు నమ్మదగ్గ ప్రవాహం 2060 టీఎంసీలని లెక్కగట్టి, దానికి పునరుత్పత్తి జలాలు కలిపి మహారాష్ట్రకు, కర్ణాటకకు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు పంచిన ఏర్పాటు అది. ట్రిబ్యునల్ దాన్ని స్కీమ్ ‘ఎ’ అంది. దాని పక్కనే స్కీమ్ ‘బి’ కూడా రాసింది. మిగులు వచ్చినా తరుగు వచ్చినా మూడు రాష్ట్రాలూ నిష్పత్తి ప్రకారం పంచుకోవాలి, ఆ పంపకాన్ని కృష్ణా వ్యాలీ అథారిటీ అనే ఉమ్మడి సంస్థ చూసుకోవాలి. రాష్ట్రాలు ఒప్పుకుంటే, లేదా పార్లమెంటు చట్టం చేస్తే తప్ప అలాంటి సంస్థను తాను నెలకొల్పలేనని భావించి ట్రిబ్యునల్ దాన్ని తుది ఆదేశంలో చేర్చలేదు. రాష్ట్రాలు ఒప్పుకోలేదు, పార్లమెంటు చట్టం చేయలేదు. మిగులు జలాలు చివరన ఉన్న ఆంధ్రప్రదేశ్ వాడుకోవచ్చు గానీ హక్కు కోరరాదన్న ఏర్పాటుతో సరిపెట్టుకున్నారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ మిగులు మీద తెలుగుగంగ మొదలు కల్వకుర్తి దాకా ప్రాజెక్టులు లేచాయి. హక్కు లేని నీటి మీద ఆయకట్టు పెంచుకున్నాక దాన్ని పంచుకోవడం ఎంత కష్టమో 2014 తర్వాత తెలిసొచ్చింది.

ఇంకో సంగతి. బచావత్ నీటిని రాష్ట్రానికి గంపగుత్తగా ఇచ్చింది. రాష్ట్రం లోపల ఏ ప్రాంతానికి ఎంతన్నది ఉమ్మడి ప్రభుత్వం తన జీవోలతో, అలవాట్లతో నడిపించుకుంది. విభజన రోజున ఆ అలవాట్లన్నీ ఒక్కసారిగా అంతర్రాష్ట్ర వివాదాలయ్యాయి.

2014 చట్టం: సెక్షన్ 85కీ 89కీ మధ్య

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం ఈ విషయంలో మునుపటి చట్టాలకన్నా ధైర్యం చేసింది. సెక్షన్ 84 కేంద్రమంత్రి అధ్యక్షతన ఇద్దరు ముఖ్యమంత్రులతో అపెక్స్ కౌన్సిల్‌ను పెట్టింది. సెక్షన్ 85 కృష్ణా, గోదావరి బోర్డులను ఏర్పాటు చేసి నీటి విడుదలను, విద్యుత్ సరఫరాను క్రమబద్ధం చేసే పని ఇచ్చింది. సెక్షన్ 87 ఆనకట్టలు, రిజర్వాయర్లు, కాలువల హెడ్ రెగ్యులేటర్ల మీద, కేంద్రం నోటిఫై చేసిన మేరకు, బోర్డుకు అధికార పరిధి ఇచ్చింది. సలహా బోర్డు కాదు, నడిపే బోర్డు. ఇంతవరకు బాగానే ఉంది.

ఇబ్బంది సెక్షన్ 89లో ఉంది. ప్రాజెక్టులవారీ కేటాయింపులు, నీళ్లు తక్కువ వచ్చిన ఏడాది ఏ ప్రాజెక్టు నుంచి ఎలా వదలాలో చెప్పే నిర్వహణ నియమావళి, ఈ రెండింటినీ తేల్చే పని ఆ సెక్షన్ బచావత్ తర్వాత కృష్ణా మీద ఏర్పడిన బ్రజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పజెప్పింది. అంటే గేటు తిప్పే పని బోర్డుకు 2014 జూన్ 2 నుంచే మొదలు. ఎంత తిప్పాలో చెప్పే పుస్తకం ట్రిబ్యునల్ ఎప్పుడు రాస్తే అప్పుడు. ఈ రెండింటి మధ్య ఖాళీలో ఏం చేయాలో చట్టం చెప్పలేదు. సెక్షన్ 89 రెండు తెలుగు రాష్ట్రాలకే పరిమితమని తేల్చడానికే ట్రిబ్యునల్‌కు 2016 అక్టోబరు దాకా పట్టింది. నాలుగు రాష్ట్రాల మధ్య మళ్లీ పంచాలంటూ 2014 జులైలో తెలంగాణ చేసిన ఫిర్యాదు సంగతి ఇంకా విడ్డూరం. సంప్రదింపులతో తేలకపోతే ఏడాదిలోగా ట్రిబ్యునల్‌కు పంపాలని జలవివాదాల చట్టం అంటుంటే, కేంద్రం 2023 అక్టోబరులో, అదీ రెండు తెలుగు రాష్ట్రాల మధ్య పంపకం మేరకే, ట్రిబ్యునల్‌కు కొత్త విధివిధానాలు ఇచ్చింది.

ఖాళీని పూడ్చింది 2015 జూన్ నాటి ఏర్పాటు. 811 టీఎంసీల్లో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299. ఒక్క నీటి సంవత్సరానికని రాసుకున్న ఆ కాగితం ఏటా పొడిగింపులతో బతికింది. అది సమావేశంలో రాసుకున్న మాటే గానీ చట్టబలం ఉన్న కేటాయింపు కాదు. కాబట్టి నచ్చినన్నాళ్లు పాటించారు, నచ్చనప్పుడు సగం సగం కావాలన్నారు. బోర్డు సభ్య కార్యదర్శి, రెండు రాష్ట్రాల ఇంజినీర్ ఇన్ చీఫ్‌లు (ఈఎన్‌సీలు) కూర్చునే త్రిసభ్య కమిటీ, రాష్ట్రాలు పెట్టే నీటి ఇండెంట్లు చూసి విడుదల ఉత్తర్వులు ఇస్తూ వచ్చింది. ఆ ఉత్తర్వును మీరితే అడ్డుకునే సాధనం కమిటీ దగ్గర లేదు. 2021లో శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో తెలంగాణ విద్యుదుత్పత్తి పైన గొడవ ముదిరి ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకెక్కింది. శ్రీశైలం జలవిద్యుత్ ప్రాజెక్టన్నది ఒక రాష్ట్రం వాదన. రాయలసీమకు పోతిరెడ్డిపాడు నుంచి నీళ్లెక్కాలంటే నీటిమట్టం నిలబడాలన్నది రెండో రాష్ట్రం వాదన. ఏ నెలలో ఎంత మట్టం ఉంచాలో చెప్పే రూల్ కర్వ్ మీద ఒప్పందం ఉంటే ఇంజినీర్ల స్థాయిలో ముగిసే సంగతి అది.

ఆ ఏడాదే, జులై 15న, కేంద్రం పరిధి నోటిఫికేషన్ ఇచ్చింది. కృష్ణాలో 36, గోదావరిలో 71 ప్రాజెక్టులు బోర్డుల కిందికి రావాలి, ఒక్కో రాష్ట్రం ఒక్కో బోర్డుకు 200 కోట్ల రూపాయలు జమచేయాలి, అక్టోబరు 14 నుంచి అమలు. ఆ తేదీ వచ్చింది, పోయింది. ప్రాజెక్టులూ రాలేదు, డబ్బూ అనుకున్నట్లు రాలేదు. 2023 నవంబరు 30న తెలంగాణ పోలింగు రోజు తెల్లవారేసరికి ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగర్ డ్యామ్ మీద 26 గేట్లలో 13 గేట్ల దాకా స్వాధీనం చేసుకుని కుడి కాలువకు నీళ్లు వదిలారు. డ్యామ్ కాపలా సీఆర్పీఎఫ్‌కు అప్పగించాల్సి వచ్చింది. రెండున్నర నెలలు తిరక్కుండా, 2024 ఫిబ్రవరి 12న, ప్రాజెక్టుల్ని బోర్డుకు ఇచ్చేది లేదని తెలంగాణ శాసనసభ తీర్మానించింది. చట్టం ఉంది, బోర్డు ఉంది, గెజిట్ ఉంది. గేటు దగ్గర మాత్రం కేంద్ర బలగాలున్నాయి.

మూడు వాదాలు

మొదటి వాదం బలమైన బోర్డు కావాలంటుంది. కేంద్ర అధికారులు, బోర్డులో పనిచేసిన ఇంజినీర్లు ఎక్కువగా ఇటు మొగ్గుతారు. డ్యామ్ ఎవరి ఆధీనంలో ఉంటే నీళ్లు వారివే అయినంతకాలం దిగువ రైతుకు రక్షణ లేదన్నది వారి మాట. నాగార్జునసాగర్‌ను తెలంగాణ, శ్రీశైలాన్ని ఆంధ్రప్రదేశ్ నడుపుకునే ఏర్పాటులో ఒకరి అవసరం ఇంకొకరి దయ మీద ఆధారపడుతోంది. ఈ రోగనిర్ధారణలో తప్పు పట్టడానికి లేదు. రెండో వాదం వాటాలు తేల్చాకే బోర్డు అంటుంది. తెలంగాణ ప్రభుత్వాలు, ఏ పార్టీవైనా, దాదాపు ఇదే నిలబెట్టాయి. ట్రిబ్యునల్ కేటాయింపులను బట్టే బోర్డు పరిధి ఉండాలని సెక్షన్ 87 సూచిస్తుంటే, కేటాయింపులే లేని చోట పరిధి ఎక్కడిదన్నది దీని తర్కం. మూడోది రాజకీయ వాదం: చట్టాలతో అయ్యేది కాదు, ఇద్దరు ముఖ్యమంత్రులు కూర్చుంటే తెల్లారేసరికి తేలుతుంది. 2016లో మేడిగడ్డ, తుమ్మిడిహట్టి, చనాఖా-కొరాటా బ్యారేజీల మీద తెలంగాణ, మహారాష్ట్రల ఒప్పందాన్ని వీరు ఉదహరిస్తారు. కానీ 2019లో అప్పటి ముఖ్యమంత్రులు చంద్రశేఖరరావు, జగన్మోహన్‌రెడ్డి మధ్య కనిపించిన స్నేహం 2020 మేలో ఆంధ్రప్రదేశ్ రాయలసీమ ఎత్తిపోతల జీవో ఇవ్వడంతో ఎలా కరిగిపోయిందో కూడా చెప్పుకోవాలి. స్నేహం మీద నడిచే సమన్వయానికి ఎన్నికలొచ్చినప్పుడల్లా గండమే.

పక్క నదుల్లో ఏం జరిగింది

తుంగభద్ర బోర్డు 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టం నీడలో పుట్టింది. పోల్చడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. డ్యామ్ నిర్వహణ, కుడిగట్టు కాలువలు, విద్యుత్ కేంద్రాలు బోర్డువి. అధ్యక్షుణ్ణి కేంద్రం నియమిస్తుంది, ఖర్చు రాష్ట్రాలు పంచుకుంటాయి. సీజను మొదట్లో ఎన్ని నీళ్లొస్తాయో అంచనా వేసి, వాటాల నిష్పత్తిలో పంచి, వానల్ని బట్టి అంచనా సవరిస్తారు. పూడిక వల్ల రిజర్వాయరు సామర్థ్యం 133 నుంచి సుమారు 105 టీఎంసీలకు పడిపోయినా నష్టం అదే నిష్పత్తిలో అందరికీ పడింది గనుక డ్యామ్ మీదికి పోలీసుల్ని పంపే అవసరం రాలేదు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ యంత్రాంగాలు బోర్డుతో కలిసి వారం రోజుల్లో స్టాప్‌లాగ్‌లు దించగలిగాయి. అయితే ఈ బోర్డుకు దండ వేయనక్కర్లేదు. పాతబడిన గొలుసుల్ని ముందే మార్చి ఉండాల్సిందన్న ప్రశ్నకు బోర్డే జవాబుదారీ. పైగా రాజోలిబండ డైవర్షన్ స్కీమ్ ఎడమ కాలువకు 15.9 టీఎంసీల వాటా ఉన్నా గద్వాల, అలంపూర్ రైతులకు ఆ నీళ్లు పూర్తిగా అందిన ఏడాది అరుదు. ఆ ఆనకట్ట, కాలువ మొదటి భాగం కర్ణాటకలో బోర్డు పరిధి అవతల ఉన్నాయి. వాటా తేలి, పరిధి తేలకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఇది.

భాక్రా బియాస్ బోర్డు ఇంకో కొస. 1966 పంజాబ్ పునర్వ్యవస్థీకరణ చట్టం కింద వచ్చిన ఈ సంస్థ డ్యాముల్ని స్వయంగా నడుపుతుంది, సొంత కార్యాలయాలు, సిబ్బంది ఉన్నాయి. దేశంలో ఇంత బలమైన నదీ బోర్డు మరొకటి లేదు. 2025 ఏప్రిల్, మే నెలల్లో హర్యానాకు 8500 క్యూసెక్కులు వదలాలని అది నిర్ణయిస్తే, హర్యానా తన కోటా అప్పటికే వాడేసిందంటూ పంజాబ్ నంగల్ డ్యామ్ దగ్గర పోలీసుల్ని మోహరించింది. కావేరిలో 2018 జూన్‌లో ఏర్పడిన అథారిటీకి సుప్రీంకోర్టు ఖరారు చేసిన వాటాలు ఉన్నాయి. వాన తక్కువైన ఏడాది లోటును ఎలా పంచాలన్న సూత్రం మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. ఐదేళ్లు సాఫీగా గడిచి, 2023లో వర్షాలు మొహం చాటేయగానే బెంగళూరులో బంద్‌లు, ఢిల్లీలో పిటిషన్లు. దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ మరీ పాత కథ. అమెరికాలోని టెన్నెసీ వ్యాలీ నమూనాలో 1948లో విస్తారమైన అధికారాలతో పెట్టిన ఆ సంస్థ అనుకున్న డ్యాముల్లో నాలుగు కట్టి, ప్రధానంగా విద్యుత్ సంస్థగా మారింది. నీటి మీద రాష్ట్రాలు పట్టు వదల్లేదు, కరెంటు మీద వదిలాయి, అంతే.

వీటిని పక్కపక్కన పెడితే ఒక క్రమం కనిపిస్తుంది. తుంగభద్రలో వాటాలు, లోటు సూత్రం, డ్యామ్ పట్టు మూడూ ఉన్నాయి. గొడవ బోర్డు పరిధి ఆగిన చోట మొదలైంది. భాక్రాలో పట్టు ఉంది, కోటాలున్నాయి, కోటా దాటి అదనం అడిగితే ఏం చేయాలో లేదు; గొడవ అక్కడ రేగింది. కావేరిలో వాటాలున్నాయి, లోటు సూత్రం లేదు. గొడవ కరువు ఏడాది వచ్చింది. కృష్ణాలో మూడింట్లో ఒక్కటీ చట్టబద్ధంగా తేలలేదు, గొడవ ఏటా వస్తోంది. బోర్డు అధికారాల జాబితా ఎంత పొడుగన్నదానికీ ఈ వరసకూ సంబంధం కనిపించదు.

అభ్యంతరాలు

ఈ వాదనకు మొదటి ఎదురుదెబ్బ కాలం నుంచే వస్తుంది. వాటాలు తేలేదాకా ఆగితే ఎప్పటికి? బచావత్‌కు ఏడేళ్లు పట్టింది. 2004లో ఏర్పడిన బ్రజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో తీర్పు, 2013లో తుది నివేదిక ఇచ్చినా సుప్రీంకోర్టు స్టే వల్ల గెజిట్లోకి ఎక్కనే లేదు. ఈలోగా నాగార్జునసాగర్ ఎడమ, కుడి కాలువల చివరి రైతు ఏం కావాలి? ప్రశ్న న్యాయమైంది. కానీ తుది వాటాలే కావాలని ఎవరూ పట్టుపట్టనక్కర్లేదు. కావేరి ట్రిబ్యునల్ 1991లో ఏటా 205 టీఎంసీలు వదలాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, దాన్ని గెజిట్లో ప్రచురించారు, సుప్రీంకోర్టూ సమర్థించింది. 2014 చట్టం కూడా తన షెడ్యూల్లోనే తాత్కాలిక వాటాల పట్టిక, లోటు ఏడాదికి ఒక నిష్పత్తి, ఫలానా గడువులో ముగుస్తుందన్న షరతు రాసి ఉండవచ్చు. అలా రాయడానికి రాజకీయంగా ఎవరూ సిద్ధంగా లేరన్నది నిజమే. అయితే రాయలేని కష్టాన్ని బోర్డు నెత్తిన రుద్ది, బోర్డు పనిచేయలేదని నిందించడం సబబు కాదు.

భాక్రా సంగతి ఎత్తి రెండో అభ్యంతరం చెబుతారు: కోటాలు తేలినా పోలీసులు వచ్చారు కదా. వచ్చారు. వాటాలు తేల్చడం వల్ల తగువు మాయమవుతుందని ఎవరూ అనలేరు. తగువు పరిమాణం మాత్రం తగ్గుతుంది. పంజాబ్, హర్యానా గొడవ కొన్ని వేల క్యూసెక్కుల మీద, కొన్ని వారాల మీద నడిచింది. హైకోర్టు రోజుల్లో జోక్యం చేసుకోగలిగింది, ఎందుకంటే కోర్టు ముందు పెట్టడానికి లెక్కలున్నాయి. నాగార్జునసాగర్‌లో కోర్టు ఏ లెక్క పట్టుకుని తీర్పు చెప్పాలి? పోతిరెడ్డిపాడు దగ్గర ఎంత పోయిందన్నదాని మీదే ఏళ్లతరబడి తగువు. మొదటి విడత టెలిమెట్రీ యంత్రాలు పెట్టాక రెండో విడత ఎక్కడ పెట్టాలి, ఖర్చెవరిది అని సంవత్సరాలు గడిపారు. అన్నిచోట్లా టెలిమెట్రీ పెట్టడానికి ఇద్దరు ముఖ్యమంత్రులు ఒప్పుకున్నది 2025 జులైలో. చట్టం వచ్చిన పదకొండేళ్లకు నదిని కొలవడానికి ఒప్పుకున్నారన్నమాట.

మూడోది సమాఖ్య స్ఫూర్తి. గేట్లు కేంద్రం నియమించిన అధ్యక్షుడి చేతిలో పెడితే రాష్ట్ర రైతు గతేమిటన్న భయం ఉత్త రాజకీయం కాదు. బోర్డు పరిధి మీద ప్రశ్న వస్తే తేల్చేది కేంద్రమేనని సెక్షన్ 87 అంటుంది. నోటిఫై చేసేదీ కేంద్రమే, తీర్పరీ కేంద్రమే. అయితే ఈ భయానికి మూలం అధికారం కన్నా విచక్షణ. రూల్ కర్వ్ రాసి ఉన్న చోట బోర్డు ఇంజినీరు పట్టికను అమలు చేస్తాడు. రాసిలేని చోట అతను తీర్పరి అవుతాడు, ఏ రాష్ట్రమూ తన నీళ్ల తీర్పును ఒక చీఫ్ ఇంజినీరు చేతికివ్వదు. ఈ లెక్కన తెలంగాణ శాసనసభ తీర్మానం బోర్డు ఆలోచననే తిరస్కరించిందనడం కన్నా, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టనందనడం దగ్గరగా ఉంటుంది. ఖాళీ చెక్కు ఇవ్వకపోవడం అర్థమయ్యేదే. ఆ ఖాళీని నింపే రూల్ కర్వ్ చర్చలనుంచి తప్పుకోవడం మాత్రం సమర్థించలేనిది. 2022లో బోర్డు వేసిన రిజర్వాయర్ పర్యవేక్షణ కమిటీ ఆ పని మొదలుపెట్టి ఏకాభిప్రాయం లేక నీరుగారింది.

తేలనివి

కొన్ని ప్రశ్నలకు ఏ వాదం దగ్గరా సిద్ధమైన జవాబు లేదు. మిగులు జలాలు ఎవరివన్నది వాటిలో పెద్దది. బచావత్ మిగులును దిగువకు వదిలింది, బ్రజేశ్ కుమార్ దాన్నీ పంచింది, ఈలోగా రెండు తెలుగు రాష్ట్రాలూ దాని మీదే ఎత్తిపోతలు కట్టుకున్నాయి. గోదావరి నుంచి కృష్ణాకు మళ్లించే నీటితో లెక్క ఇంకా మారుతుంది. ఒక నదికి ఒక బోర్డు అన్న చట్టం ఊహకు రెండు నదులు కలిసే ప్రాజెక్టు అందదు. అపెక్స్ కౌన్సిల్ ఎప్పుడు కూర్చోవాలో చట్టంలో గడువు లేదు. 2016 సెప్టెంబరు, 2020 అక్టోబరు సమావేశాల మధ్య నాలుగేళ్లు గడిచాయి. బోర్డు ప్రధాన కార్యాలయం ఆంధ్రప్రదేశ్‌లో ఉండాలని 2014లోనే చట్టం చెప్పినా అది ఏ ఊళ్లో అన్నది పదేళ్లు దాటినా చర్చనీయాంశమే.

వీటన్నిటికీ మించిన ముడి న్యాయపరమైంది. ఇప్పుడు విచారణలో ఉన్న ట్రిబ్యునల్ రేపు రెండు రాష్ట్రాల వాటాలు, లోటు ఏడాది నియమావళి తేల్చిందే అనుకుందాం. ఎగువ నుంచి వచ్చే నీటి లెక్క మాత్రం 2010, 2013 నివేదికల్లో ఉంది. వాటి గెజిట్ ప్రచురణ మీద 2011 సెప్టెంబరు 16న సుప్రీంకోర్టు ఇచ్చిన స్టే అలాగే ఉంది. కొత్త పంపకం ఏ మొత్తం మీద చేయాలి? బచావత్ ఇచ్చిన 811 మీదా, బ్రజేశ్ కుమార్ పెంచిన అంకె మీదా? ఎగువన కర్ణాటక తన వాటా పెరిగిన ధీమాతో ఆల్మట్టి ఎత్తు 524.256 మీటర్లకు పెంచాలని చూస్తోంది. ఆ స్టే తొలగేదాకా కృష్ణా బోర్డు చేతికి ఏ పట్టిక వచ్చినా అది పెన్సిలుతో రాసినదే.